మిగులు సొమ్ముతో మొదలైన దంత బీమా

బీమా ఒక సాదా లెక్క మీద నిలబడే ఏర్పాటు. ఎప్పుడు వస్తుందో తెలియని, వస్తే ఒక కుటుంబం తట్టుకోలేని నష్టం నుంచి కాచుకోవడానికి వేలమంది తలా కొంత చందా వేసుకుంటారు. ఆ నష్టం వారిలో కొద్దిమందికే వస్తుంది కాబట్టి అందరి చందా ఆ కొద్దిమందికీ సరిపోతుంది. ఓడ మునగడం, ఇల్లు కాలడం, ఇంటి యజమాని అకాలంగా చనిపోవడం ఈ లెక్కకు చక్కగా ఒదిగాయి. పన్ను ఒదగలేదు. పుప్పి పట్టని నోరు అరుదు. పట్టిన పుప్పి సాధారణంగా ప్రాణాల మీదికి తేదు. చికిత్సను నెలలు, ఏళ్లు వాయిదా వేసుకోవచ్చు. చివరికి పన్ను పీకించుకుని తక్కువ ఖర్చుతో బయటపడే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అందరికీ వచ్చేదీ, వాయిదాకు లొంగేదీ బీమాకు పనికిరాదని, ప్రమాదాల సంభావ్యతను గుణించి చందా నిర్ణయించే బీమా గణకులు ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా భావిస్తూ వచ్చారు. అయినా దంత బీమా పుట్టింది. అది పుట్టిన తీరును గమనిస్తే, నేటి పాలసీ పత్రాల్లో కనిపించే చిక్కు నిబంధనలు ఎక్కడి నుంచి వచ్చాయో, వాటిని ఎరిగినవారికి ఎక్కువ మేలు ఎందుకు జరుగుతుందో తెలుస్తుంది. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పంటికి మొదట దక్కింది తక్కిన వైద్యానికి పోగా మిగిలిన సొమ్మే.

పంటిని శరీరం నుంచి వేరుచేసి చూడటం బీమా కంపెనీలతో మొదలైన అలవాటు కాదు. ఐరోపాలో చిరకాలం పళ్లు పీకే పని క్షురకుల చేతుల్లోనూ, సంతల వెంట తిరిగే పనివాళ్ల చేతుల్లోనూ ఉండేది. 1840లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో హొరేస్ హేడెన్, చాపిన్ హారిస్ అనే ఇద్దరు, దంతవైద్యానికే ప్రత్యేకించిన తొలి కళాశాలను బాల్టిమోర్ నగరంలో స్థాపించారు. ఆ కళాశాల వృత్తికి శాస్త్రీయతనూ గౌరవాన్నీ తెచ్చిపెట్టింది. అదే సమయంలో వైద్య కళాశాలకూ దంత కళాశాలకూ మధ్య గోడ కూడా లేచింది. చదువులు వేరైనాక ఆసుపత్రులు వేరయ్యాయి, రుసుములు వేరయ్యాయి, ఆ తర్వాత వచ్చిన బీమా కూడా ఆ గోడ వెంటే నడిచింది.

బ్రిటన్‌లో ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ తెచ్చిన 1911 నాటి జాతీయ బీమా చట్టం కార్మికులకు వైద్యుణ్ణీ మందులనూ హామీ ఇచ్చింది గాని పళ్ల మాట ఎత్తలేదు. ఆ పథకాన్ని నడిపిన సంఘాల లెక్కలు తనిఖీ చేసినప్పుడు డబ్బు మిగిలినట్టు తేలితేనే, ఆ మిగులులోంచి ‘అదనపు ప్రయోజనాల’ పేరుతో పంటి చికిత్సకు సాయం చేయవచ్చని ఒక వెసులుబాటు ఇచ్చారు. అలా 1921 నుంచి కొన్ని సంఘాల సభ్యులకు పంటి ఖర్చులో కొంత చేతికందింది. మిగులు లేని సంఘంలో ఉన్న కార్మికుడికి అదే చందా కట్టినా అందలేదు. 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమై దంతవైద్యం అందరికీ ఉచితం కాగానే జనం దంతవైద్యశాలల ముందు బారులు తీరారు. దశాబ్దాలుగా పేరుకుపోయిన బాధ ఒక్కసారిగా బయటపడటంతో కట్టుడు పళ్లకు ప్రభుత్వం వేసుకున్న అంచనాలు తలకిందులయ్యాయి. 1951 బడ్జెట్లో ఆర్థికమంత్రి హ్యూ గైట్‌స్కెల్ కట్టుడు పళ్లకూ కళ్లద్దాలకూ సగం ఖర్చు రోగుల నుంచి వసూలు చేస్తామని ప్రకటించగా, ఆరోగ్య సేవకు రూపశిల్పి అయిన అన్యూరిన్ బెవాన్ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. అన్నీ ఉచితమని చాటిన సేవలో రోగి జేబు తడమడం మొదలైంది నోటితోనే, కంటితోనే అన్నది గుర్తుంచుకోదగ్గ విషయం. మరుసటి ఏడాది పంటి చికిత్సకు ఒక పౌండు రుసుము వచ్చింది.

అమెరికా మరో దారిలో నడిచింది. అక్కడ ఆరోగ్య బీమాకు మూలమని చెప్పుకునే పథకం 1929లో టెక్సస్ రాష్ట్రంలోని డల్లాస్‌లో మొదలైంది. బడిపంతుళ్లు నెలకు 50 సెంట్లు కడితే బేలర్ ఆసుపత్రిలో 21 రోజుల దాకా చికిత్స పొందవచ్చన్నది దాని షరతు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుంచి, ప్రభుత్వం జీతాల పెంపును కట్టడి చేసినా ఆరోగ్య సదుపాయాలను ఆ కట్టడి నుంచి మినహాయించడంతో, జీతం పెంచలేని యజమానులు బీమా ఇచ్చి కార్మికులను నిలుపుకున్నారు. అమెరికాలో ఆరోగ్య బీమా ఉద్యోగానికి ముడిపడటానికి ఇదొక ముఖ్య కారణం. పళ్ల దుస్థితి కూడా ఆ యుద్ధంలోనే దేశానికి కొట్టొచ్చినట్టు కనిపించింది: సైన్యంలో చేరే యువకుడికి ఒకదానికొకటి ఆనే ముందు పళ్ల జతలు మూడు, నమిలే పళ్ల జతలు మూడు ఉంటే చాలని, అంటే మొత్తం పన్నెండు పళ్లు చాలని, 1940లో నియమం పెడితే, ఆ పన్నెండు కూడా లేక వెనుదిరిగిన వారు చాలామంది తేలారు. సైన్యం చివరికి ఆ నియమాన్నే సడలించుకోవలసి వచ్చింది.

దంత బీమా అసలు కథ పసిఫిక్ తీరంలోని ఓడరేవుల్లో ఉంది. అక్కడి రేవు కూలీలు చాలామంది 1930ల ఆరంభంలో, విశాఖ, కాకినాడ రేవుల కళాసీలకు తెలిసిన బతుకే బతికేవారు: తెల్లవారుజామున గేటు ముందు గుంపుగా నిలబడితే మేస్త్రీ వేలు చూపినవాడికి ఆ పూట పని, చూపనివాడికి పస్తు. 1934లో ఆ పద్ధతి మీద తీరమంతటా సమ్మె సాగింది. జులై 5న శాన్ ఫ్రాన్సిస్కోలో పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన నావికుడు హ్యారీ బ్రిడ్జెస్ నాయకత్వంలో బలపడిన రేవు కార్మిక సంఘం, తర్వాతి కాలంలో ఓడల యజమానుల సంఘంతో కలిసి ఉమ్మడి సంక్షేమ నిధిని ఏర్పరచి ఆసుపత్రి ఖర్చులకు భరోసా సంపాదించింది. 1954 నాటికి ఆ నిధిలో కొంత సొమ్ము మిగిలింది. దాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకు వారు చెప్పుకున్న జవాబు పిల్లల పళ్లు. పెద్దవాళ్ల నోళ్లలో ఏళ్ల తరబడి పేరుకున్న పాడు బాగుచేయాలంటే ఆ నిధి ఒక మూలకు కూడా రాదు. పిల్లలవైతే అదే సొమ్ముతో పుప్పిని మొదట్లోనే ఆపి, ఏటేటా చూపిస్తూ, పెద్దయ్యేనాటికి ఖర్చే తగ్గించవచ్చు. నిధి ధర్మకర్తలు వాషింగ్టన్, ఒరెగాన్, కాలిఫోర్నియా రాష్ట్రాల దంతవైద్య సంఘాలను సంప్రదించి, పద్నాలుగేళ్లలోపు పిల్లల పళ్ల బాధ్యతను ఒప్పందం మీద చేపట్టమని కోరారు.

ఈ కోరిక దంతవైద్యులను ఇరకాటంలో పెట్టింది. తాము కాదంటే కార్మిక సంఘం సొంతంగా వైద్యశాలలు తెరిచి, జీతానికి వైద్యులను పెట్టుకుని, రోగులనందరినీ అటు తిప్పుకుంటుందన్న భయం వారిని పీడించింది. అది ఉత్తి భయం కాదు. లాస్ ఏంజెలిస్ రేవు ప్రాంతంలో డాక్టర్ మాక్స్ షోన్ నడిపిన బృంద వైద్యశాల, తలకింత అని ముందే డబ్బు తీసుకుని కూలీల పిల్లలకు చికిత్స చేసే పద్ధతిని చేపట్టింది. దీనికి విరుగుడుగా దంతవైద్య సంఘాలు తామే లాభాపేక్ష లేని ‘సేవా సంస్థలు’ స్థాపించుకున్నాయి. నిధి నుంచి డబ్బు సంస్థకు వస్తుంది, రోగి తనకు నచ్చిన దంతవైద్యుడి దగ్గరకు వెళతాడు, ఆ వైద్యుడు ముందే దాఖలు చేసిన ధరల ప్రకారం సంస్థ చెల్లిస్తుంది. ఈ రాష్ట్ర సంస్థలే 1960ల మధ్యలో జాతీయ సంఘంగా ఏర్పడి, తర్వాత డెల్టా డెంటల్ అన్న పేరుతో దేశమంతటా వ్యాపించాయి. ఇప్పటికీ అమెరికాలో దంత బీమా తీసుకునేవారి ముందు నిలిచే రెండు దారులు ఆనాటివే. ‘పీపీఓ’ అన్నది సేవా సంస్థల సంతతి: నెట్‌వర్క్‌లో, అంటే తగ్గింపు ధరకు ఒప్పుకున్న వైద్యుల జాబితాలో ఉన్నవారి దగ్గర తక్కువ ఖర్చుతో, బయటివారి దగ్గర ఎక్కువ ఖర్చుతో చూపించుకోవచ్చు. ‘డీహెచ్‌ఎంఓ’ అన్నది రేవు వైద్యశాలకు దూరపు చుట్టం: కేటాయించిన వైద్యుడి దగ్గరికే వెళ్లాలి, చందా తక్కువ, వార్షిక పరిమితి సాధారణంగా ఉండదు. నోటి నిండా పని ఉన్నవారికి రెండోది, తన వైద్యుణ్ణి వదులుకోలేనివారికి మొదటిది నయమని చెప్పవచ్చు.

1973లో మోటారు వాహన కార్మికుల సంఘం డెట్రాయిట్ కంపెనీలతో కుదుర్చుకున్న ఒప్పందాల్లో దంత చికిత్స చేరడంతో ఈ బీమా ఒక్కసారిగా లక్షల ఇళ్లకు చేరింది. యజమాని కట్టే ఆరోగ్య బీమా చందాపై ఉద్యోగికి ఆదాయపు పన్ను ఉండదని 1954 నాటి పన్నుల చట్టం స్పష్టం చేయడం కూడా ఈ విస్తరణకు దోహదపడింది. విస్తరణతో పాటు పాత ప్రశ్న తిరిగొచ్చింది: అందరికీ వచ్చే జబ్బుకు బీమా ఎలా? గణకులు దానికి కంచెలు కట్టి జవాబు చెప్పారు. నేటి పాలసీ పత్రంలోని ప్రతి నిబంధనా అలాంటి కంచే.

మొదటిది నిష్పత్తుల కంచె. పరీక్ష, ఎక్స్‌రే, క్లీనింగ్ వంటి నివారణ పనులకు 100 శాతం, పూడికలు, పళ్లు తీయడం వంటి సాధారణ పనులకు 80 శాతం, తొడుగులు, వంతెనలు, కట్టుడు పళ్లు వంటి పెద్ద పనులకు 50 శాతం చెల్లించడం చాలా పాలసీల్లో స్థిరపడిన పద్ధతి. ఏడాదికి రెండుసార్లు ఉచితంగా చూపించుకునే హక్కు ఇందులో అన్నిటికన్నా విలువైనది. రేవు కూలీల పిల్లల పథకం ఏ ఆలోచనతో పుట్టిందో అది ఇప్పటికీ ఈ 100 శాతంలో బతికే ఉంది. రెండోది వార్షిక పరిమితి, అంటే ఏడాదిలో బీమా సంస్థ చెల్లించే గరిష్ఠ మొత్తం. పథకాలు విస్తరించిన తొలినాళ్ల నుంచీ 1,000 డాలర్లు, 1,500 డాలర్లు అన్న అంకెలే వాడుకలో ఉన్నాయి, నేటికీ చాలా పాలసీలు ఆ చుట్టుపక్కలే ఆగిపోయాయి. 1970లో 1,000 డాలర్లకు వచ్చిన వస్తువులు 2024లో కొనాలంటే దాదాపు 8,000 డాలర్లు కావాలి. చందా కట్టేవారికి ఇంతకన్నా పెద్ద అన్యాయం ఈ చరిత్రలో మరొకటి కనబడదు. మామూలు ఆరోగ్య బీమా ఒక స్థాయి దాటాక భారమంతా తానే మోస్తుంది. దంత బీమా సరిగ్గా ఆ స్థాయి దగ్గరే చేతులు దులుపుకుంటుంది.

మూడో కంచె నిరీక్షణ కాలం. 1970లలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ అమెరికన్ కుటుంబాలకు చీటీ వేసి రకరకాల బీమాలు పంచి, వారి వాడకాన్ని ఏళ్ల తరబడి గమనించిన ప్రయోగంలో, ఉచిత దంతవైద్యం దొరికిన కుటుంబాలు మొదటి ఏడాది వైద్యుడి దగ్గరకు ఎగబడి, ఆ తర్వాత మామూలు స్థాయికి వచ్చినట్టు తేలింది. ఇలాంటి ఎగబాటుకూ, నొప్పి మొదలయ్యాకే బీమా కొనేవారికీ భయపడి, సొంతంగా కొనే పాలసీల్లో పెద్ద చికిత్సలకు ఆరు నెలలో ఏడాదో ఆగాలన్న షరతు తరచుగా ఉంటుంది. పాలసీ తీసుకునేనాటికే ఊడిపోయిన పంటి స్థానంలో కొత్తది పెట్టించుకుంటే చెల్లించబోమన్న షరతూ ఈ కోవలోదే. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవారిని వడగట్టడానికి కట్టిన కంచె కాబట్టి, నోరు బాగున్నప్పుడు చేరినవారే దాన్ని దాటగలుగుతారు. మరో నిబంధన ‘తక్కువ ఖర్చు ప్రత్యామ్నాయం’: వెనక దంతానికి తెల్లటి పూడిక వేయించుకున్నా వెండిరంగు పూడిక ధరకే లెక్కగట్టి, తేడాను రోగి చేత కట్టించడం.

ఇవన్నీ ఒకచోట కలిసి కనిపించేది చికిత్స తర్వాత ఇంటికి వచ్చే ‘ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్’ అన్న కాగితంలో. ఇది బిల్లు కాదు, లెక్క చెప్పే పత్రం. దంత చికిత్సలకు అమెరికన్ డెంటల్ అసోసియేషన్ నిర్ణయించిన సంకేతాలు ‘డి’ అక్షరంతో మొదలవుతాయి. డి1110 అంటే పెద్దలకు చేసే క్లీనింగ్. ఒక తొడుగుకు వైద్యుడు వేసిన ధర 1,400 డాలర్లు, నెట్‌వర్క్ ఒప్పుకున్న ధర 1,000 డాలర్లు అనుకుంటే, మధ్యలోని 400 డాలర్లు నెట్‌వర్క్ వైద్యుడు వదులుకోవలసిందే. ఆ 1,000లో ‘డిడక్టిబుల్’, అంటే ఏటా ముందుగా రోగి భరించవలసిన మొత్తం, 50 డాలర్లు పోతే 950 మిగులుతుంది. అందులో సగం 475 డాలర్లు బీమా సంస్థది, మొత్తం 525 డాలర్లు రోగిది. అదే ధర మీద లెక్కగట్టే పాలసీలో నెట్‌వర్క్ బయటి వైద్యుడైతే రోగి వాటా 925 డాలర్లకు పెరగవచ్చు. ఈ నాలుగు అంకెల వరుసను ఓపికగా చదివిన ఇల్లాలికో, ఇంటాయనకో బిల్లులో పొరపాటు ఇట్టే దొరుకుతుంది. పెద్ద పని మొదలుపెట్టే ముందే వైద్యుడి చేత సంస్థకు ముందస్తు అంచనా పంపిస్తే ఇదే లెక్క ముందుగానే చేతికొస్తుంది. క్యాలెండర్ ఏడాది ప్రకారం నడిచే పాలసీలో వైద్యుడు ఆగవచ్చన్న పనులను డిసెంబరుకూ జనవరికీ పంచుకుంటే రెండేళ్ల పరిమితులూ కలిసొస్తాయి.

భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాల ద్వారా బీమా ఉన్న ఇళ్లలో పిల్లల ఖర్చు మొదట ఎవరి పాలసీ భరించాలన్న ప్రశ్నకు ఒక చిన్న చరిత్ర ఉంది. 1980ల దాకా తండ్రి పాలసీదే మొదటి బాధ్యత. స్త్రీల సంపాదనను రెండో స్థానంలో ఉంచిన ఆ నియమం పోయి, తల్లిదండ్రుల్లో ఎవరి పుట్టినరోజు ఏడాదిలో ముందు వస్తే వారి పాలసీయే ముందు అన్న ‘పుట్టినరోజు నియమం’ వాడుకలోకి వచ్చింది. పుట్టిన సంవత్సరంతో దానికి సంబంధం లేదు. రెండో పాలసీకి కూడా దరఖాస్తు పంపడం చాలా కుటుంబాలు మరచిపోతాయి, మిగిలిన ఖర్చులో కొంత అక్కడి నుంచి రావచ్చని తెలియక.

అమెరికా ప్రభుత్వ పథకాల్లో పన్ను చాలావరకు బయటే ఉండిపోయింది. 1965లో వృద్ధుల కోసం వచ్చిన మెడికేర్ చట్టం పంటి సంరక్షణ, పూడిక, తీయడం, మార్పిడి అన్నిటినీ మినహాయింపుల జాబితాలో చేర్చింది. 2007లో మేరీలాండ్‌లోనే, తొలి దంత కళాశాల వెలసిన రాష్ట్రంలోనే, పన్నెండేళ్ల పేద బాలుడు పంటి చీము మెదడుకు పాకి చనిపోయాడు. పన్ను సకాలంలో తీసి ఉంటే వంద డాలర్లలోపు అయ్యే చికిత్స అది. ఆ మరణం దేశాన్ని కదిలించింది. 2010 నాటి ఆరోగ్య చట్టం పిల్లల దంతవైద్యాన్ని తప్పనిసరి ప్రయోజనాల్లో చేర్చింది, పెద్దలది మాత్రం చేర్చలేదు.

గత మూడు దశాబ్దాల్లో కంప్యూటర్ ఉద్యోగాలతో అమెరికా చేరిన తెలుగు కుటుంబాలు ఏటా శరదృతువులో పాలసీ ఎంచుకునే గడువు వచ్చినప్పుడు ఈ చరిత్ర అంతటినీ ఒక్క పేజీలో ఎదుర్కొంటాయి. కాన్పులకూ మనవల పెంపకానికీ వెళ్లే తల్లిదండ్రుల ప్రయాణ బీమా సాధారణంగా ప్రమాదానికో, హఠాత్తుగా వచ్చే తీవ్రమైన పంటి నొప్పికో పరిమితమవుతుంది కాబట్టి, బయలుదేరే ముందే ఊళ్లో పళ్లు చూపించుకుని వెళ్లడం ఆనవాయితీ అయింది. స్వదేశంలో లెక్క ఇంకా వెనకబడి ఉంది. 1986లో వచ్చిన మెడిక్లెయిం అనే ఆరోగ్య బీమా పాలసీ ఆసుపత్రిలో చేరడాన్నే గీటురాయిగా పెట్టుకుంది. పంటి చికిత్స ఎక్కువగా కుర్చీలో గంటసేపట్లో ముగిసేది కాబట్టి అది ఆ గీత దాటలేకపోయింది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షల పేద కుటుంబాలను అప్పుల నుంచి కాపాడిన పథకమే అయినా, పెద్ద జబ్బులూ శస్త్రచికిత్సలూ దాని చట్రం కావడంతో పుప్పి పన్ను దాని చూపు పడే చోట లేదు. నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నీటిలోని ఫ్లోరైడు వల్ల పళ్లూ ఎముకలూ దెబ్బతింటున్నాయని 1937లోనే వైద్య పరిశోధకులు ప్రకటించిన నేల ఇది. పంటి మీది మచ్చ ఒక ఊరి నీటి కథ చెబుతుందని ఈ గడ్డకు ఎవరూ నేర్పనక్కరలేదు.

కంచెలను మార్చే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. 2022 నవంబరులో మసాచుసెట్స్ రాష్ట్ర ఓటర్లు, దంత బీమా సంస్థలు చందాల్లో కనీసం 83 శాతం చికిత్సలకే వెచ్చించాలన్న చట్టాన్ని భారీ ఆధిక్యంతో ఆమోదించారు. జర్మనీ మరో దారిలో వెళ్లింది. 1883 నాటి బిస్మార్క్ చట్టం నుంచి నడుస్తున్న అక్కడి అనారోగ్య నిధులు 1989లో ‘బోనస్ పుస్తకం’ ప్రవేశపెట్టాయి. అరచేతిలో ఇమిడే ఆ చిన్న పుస్తకంలో, పెద్దలైతే ఏడాదికోసారి దంతవైద్యుడు పరీక్ష చేసి తేదీ వేసి ముద్ర కొడతాడు. ఇప్పుడు అక్కడ చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకూ ప్రభుత్వ నిధిలో ఉంటే అది అందుతుంది. తొడుగో వంతెనో అవసరమైన రోజున నిధి ప్రామాణిక చికిత్స ఖర్చులో 60 శాతం ఇస్తుంది. వరుసగా ఐదేళ్ల ముద్రలు ఉంటే 70, పదేళ్లవి ఉంటే 75. ఒక్క ఏడాది ముద్ర తప్పితే వరుస తెగి లెక్క మళ్లీ మొదటికొచ్చేది. 2020 అక్టోబరు నుంచి, తగిన కారణం చూపగలిగితే, పదేళ్లలో ఒక్క ఖాళీ గడిని మన్నిస్తున్నారు.